పాలేరుతనం నుంచి పోలింగ్ బూత్ దాకా

బ్రిటిష్ ఇండియాలో బానిసత్వానికి చట్టం అండ 1843లో పోయింది. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో దాని పోలికలున్న పాలేరుతనం మాత్రం ఆ తర్వాత వందేళ్లకు పైగా నిలిచింది. పెళ్లికో జబ్బుకో ఆసామి దగ్గర అప్పు చేసిన మాల, మాదిగ కుటుంబాల నుంచి ఒకరు పాలేరుగా కుదిరేవారు. జీతం ఏడాది లెక్కన, ఎక్కువగా గింజల్లోనే. తెల్లవారకముందే గొడ్లచావిట్లో పేడ ఎత్తడంతో మొదలైన పని రాత్రి పశువులకు మేత వేసేదాకా సాగేది. అప్పు తీరకపోతే కొడుకు పనిలో దిగేవాడు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో గానీ రాలేదు.

1952 నాటికి అందరికీ ఓటు వచ్చినా, పని, అప్పు ఆసామి చేతిలో ఉన్నంతకాలం ఆయన మాట దాటడం కష్టమైంది. ఆ కట్టును మొదట సడలించినవి కమ్యూనిస్టుల కూలి సంఘాలు. 1970లలో ఇళ్ల స్థలాలతో పల్లె (దళితవాడ) ఓటు ఇందిరా కాంగ్రెస్ వైపు తిరిగింది. 1982లో తెలుగుదేశం పుట్టాక చాలాచోట్ల ఊరు ఒక పార్టీ, పల్లె ఒక పార్టీ అయ్యాయి.

1985 జులైలో కారంచేడులో మంచినీటి చెరువు దగ్గర మొదలైన గొడవ 17న ఆరుగురు మాదిగల హత్యకు దారితీసింది. ప్రాణాలతో బయటపడినవారు చీరాల చేరారు. అక్కడే దళిత మహాసభ పుట్టింది. 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలయ్యాక, ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ డిమాండుతో మాల, మాదిగల రాజకీయ దారులు వేరయ్యాయి.

పాత దాస్యం ఓటుపై ముద్ర వేయడం అమెరికాలోనూ కనబడుతుంది. అక్కడి దక్షిణాదిలో 1860 నాటికి బానిసలు ఎక్కువగా ఉన్న కౌంటీల్లో తెల్లవారు నేటికీ రిపబ్లికన్ల వైపే ఎక్కువగా మొగ్గుతున్నారని రాజకీయ శాస్త్రవేత్తలు ఆచార్య, బ్లాక్‌వెల్, సేన్ 2018లో ఒక పుస్తకంలో చూపారు. ఇక్కడ పాలేరుతనం మిగిల్చిన గీత జిల్లాల మధ్య కాదు, ఊరికీ పల్లెకూ మధ్య పడింది. అందుకే అది నియోజకవర్గ ఫలితంలో కంటే బూత్ లెక్కల్లో తేటగా కనబడుతుంది.

ప్రకాశం జిల్లాలోని కొండపి 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు స్థానం. 1932 పూనా ఒప్పందం ప్రకారం అభ్యర్థి ఎస్సీ అయినా ఓటు అందరిదీ. కాబట్టి గెలుపు పల్లె ఒక్కదాని చేతిలో లేదు. 2019లో రాష్ట్రంలోని 29 ఎస్సీ స్థానాల్లో 27 వైసీపీ గెలవగా, తెలుగుదేశానికి దక్కినది కొండపి ఒక్కటే. 2024లో గాలి తిరిగినా ప్రకాశంలోని ఎర్రగొండపాలెం వైసీపీకే మిగిలింది. ఒకే జిల్లాలోని రిజర్వుడు స్థానాలే ఇలా వేర్వేరుగా తీర్పు చెప్పాయంటే, పాలేరుతనం వారసత్వంతోపాటు ఊరి ఓటు ఎటు పోయిందన్నదీ లెక్కలోకి వస్తుంది.