ఆహారవిష పరీక్ష: దక్కను ప్రాంత చరిత్ర

ఆహారవిష పరీక్ష యనగా భోజ్యపదార్థములయందు స్వభావసిద్ధముగా నుండు విషములను, బూజులు పుట్టించు విషములను, సేద్యము వలననో పరిశ్రమల వలననో వచ్చి చేరిన రసాయనములను కనిపెట్టి, వాని పరిమాణమును నిర్ణయించు విద్య. ఇది రాజుల వంటశాలలలో పుట్టి, రేవుపట్టణముల వర్తకమున పెరిగి, రైతు కళ్లమునకు మిక్కిలి ఆలస్యముగా చేరిన విద్య. దక్కనున దీని చరిత్రను తెలిసికొనగోరువారు మనూరు వంటి సీమను కన్నులయెదుట నుంచుకొనుట మేలు. నేడు సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ విభాగమునకు చెందిన ఈ మంజీరాతీర ప్రాంతము, నారాయణఖేడ్ తాలూకాతో పాటు 1956 వరకు బీదరు జిల్లాలో చేరియుండెను. నల్లరేగడి నేల, జొన్న, కంది, పత్తి, పెసర పండును, జొన్నరొట్టె తరతరాల ఆహారము. ఆహారవిషములను గూర్చి ప్రపంచమునకు తెలిసిన దానిలో కొంత భాగము ఈ జొన్నరొట్టె తిను జనుల కడుపునొప్పినుండియే తెలిసినదని ముందు చెప్పబోవు వృత్తాంతము వలన విశదమగును.

ప్రాచీన భారతమున ఈ విషయమై జరిగిన ఆలోచన గ్రంథస్థమై యున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రము, రాజునకు వడ్డింపబోవు అన్నమును ముందుగా అగ్నికిని పక్షులకును అర్పింపవలెనని విధించి, విషాన్నము పడిన నిప్పు నీలవర్ణపు జ్వాలతో, ధూమముతో చిటపటలాడుననియు, అట్టి అన్నపు టావిరి నెమలికంఠపు రంగు దాల్చుననియు లక్షణములు చెప్పెను. సుశ్రుతసంహితలోని కల్పస్థానము విషాన్నమును చూచిన చకోరపక్షి కన్నులు రంగు మారునని వ్రాసెను. వీనిలో కొన్ని ఊహలు, కొన్ని అనుభవములు. ఐనను అనుమానము కలిగిన పదార్థమును మరియొక ప్రాణికి పెట్టి ఫలితమును చూచు పద్ధతి యిందు స్పష్టముగా గోచరించుచున్నది, ఇరువదవ శతాబ్దపు ప్రయోగశాలలు సైతము ఆ పద్ధతిని విడువలేదు.

పల్లెరైతు తనదైన పరీక్ష తానెరిగియుండెను. జొన్నచేను కోసిన పిదప మోళ్లనుండి వచ్చు పిలకలను గాని, వానలేక గిడసబారిన లేతజొన్నను గాని మేసిన పశువు ఊపిరాడక, నురగలు గ్రక్కి, వణకుచు కూలిపోవును. దీనినే నాము అందురు. అందుచేత వాన పడి పైరు ఏపుగా ఎదుగువరకు ఆ చేనిలోనికి పశువులను తోలరు. ఈ గ్రామానుభవమునకు కారణము 1902లో తెలిసినది: డన్‌స్టన్, హెన్రీ అను ఆంగ్ల రసాయనవేత్తలు లేతజొన్నలో ధూరిన్ అను పదార్థము కలదనియు, ఆకు నలిగినపుడు దానినుండి హైడ్రోసయనిక ఆమ్లము వెలువడుననియు నిరూపించిరి. 1906లో గిన్యార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అట్టి విషవాయువునకు మిక్కిలి సులభమైన పరీక్షను ప్రకటించెను. సోడియం పిక్రేట్ ద్రావణమున తడిపి ఆరబెట్టిన పసుపుపచ్చని కాగితపు ముక్కను, నలిపిన ఆకు లుంచిన గాజుగొట్టములో ఆకులకు తగులకుండ వ్రేలాడదీసి, మూత బిగించి, గోరువెచ్చని తావున కొంతసే పుంచినచో, విష మున్నయెడల ఆ కాగితము క్రమముగా నారింజరంగునకు, పిదప ఇటుక యెరుపునకు తిరుగును. నూరేండ్లు దాటినను ఈ పరీక్ష వాడుకలోనే యున్నది.

పాశ్చాత్యదేశములలో రసాయనపరీక్ష మొదట మానవుల లోభమును పట్టుకొనుటకై పెరిగినది. 1820లో లండనున ఫ్రెడరిక్ ఆకుమ్ ఆహారపు కల్తీలపై ప్రకటించిన గ్రంథము, 1836లో మార్ష్ కనిపెట్టిన పాషాణపరీక్ష ఆ మార్గమున తొలి మైలురాళ్లు. భారతదేశమున 1954లో వచ్చిన ఆహారకల్తీ నిరోధక చట్టము సైతము ఆ దృష్టితోనే పుట్టినది. ప్రకృతియే చేయు కల్తీ, అనగా తేమ తగిలిన గింజలో బూజు పుట్టించు విషము, అప్పటికి చాలవరకు అజ్ఞాతము. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియక చచ్చినపుడు, వాని మేతలోని బ్రెజిల్ దేశపు వేరుసెనగపిండిని పరిశోధింపగా, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పుట్టించిన అఫ్లటాక్సిన్ బయటపడినది. పలుచని సిలికా పూత పూసిన పలకపై సారమును ప్రసరింపజేసి అతినీలలోహిత కాంతిలో చూచినపుడు నీలముగా వెలుగునది బి యనియు, ఆకుపచ్చగా వెలుగునది జి యనియు ఆంగ్లవర్ణముల ననుసరించి పేర్లు పెట్టిరి. వేరుసెనగ విస్తారముగా పండించు తెలుగుదేశమునకు ఈ వార్త ఉదాసీనముగా వినదగినది కాదు. 1982లో చిత్తూరు జిల్లా కోళ్లఫారములలో ఇదే విషము వలన కోళ్లు విరివిగా చచ్చినవి.

హైదరాబాదునకు ఈ విద్య రెండు సంస్థల మూలమున వచ్చినది. మొదటిది జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరున మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి విచారణకై స్థాపించిన చిన్న ప్రయోగశాల క్రమముగా విస్తరించి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు దాల్చినది. ఈ సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, రమేశ్ భట్ మొదలగువారు పరీక్షానాళికను చేతబట్టి పల్లెలకు పోయిన పరిశోధకులు. 1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలలో కామెర్లు, జలోదరము వ్యాపించి, 397 మంది జబ్బుపడి 106 మంది మరణించినపుడు, వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నయే హేతువని, దానియందలి అఫ్లటాక్సిన్‌ను కొలిచి నిర్ధారించిరి. జబ్బుపడిన యిండ్ల అన్నమునే తినిన కుక్కలకు సైతము జలోదరము వచ్చుట వారి కంట పడిన ముఖ్యాధారములలో నొకటి. 1975లో రాజస్థాన్ గ్రామములలో వమనములతో, తలతిరుగుటతో బాధపడినవారు తిన్నది తేనెబంక తెగులు సోకిన సజ్జయని తేలినది. నల్లని ఆ తెగులుగింజలు ఉప్పునీటిలో తేలును, మంచిగింజ మునుగును; ఇంతకన్న చౌకైన పరీక్షయు చికిత్సయు మరియొకటి లేదు. మధ్యభారతమున సర్గుజా జిల్లాలో సామలలో కలసిన జనుముజాతి కలుపువిత్తనములు కాలేయమును చెరచుటయు ఆ దశాబ్దముననే వెల్లడియైనది.

దక్కను విషయమున ప్రధానఘటన 1995 నాటిది. ఆ సంవత్సరము కోతవేళ వానలకు జొన్న, మొక్కజొన్న కంకులు తడిసి, గింజ నల్లబడి బూజుపట్టెను. మంచిగింజ కొనగలవారు కొనిరి. కొనలేని నిరుపేదలు ఆ గింజనే విసరుకొని రొట్టె చేసికొనిరి. రొట్టె తిన్న అరగంట గంటలోపల కడుపునొప్పి, ప్రేగుల గడబిడ, విరేచనములు. కుటుంబమంతయు ఒక్కసారి పడకవేయుట. తినుట మానగనే కోలుకొనుట. పోషకాహార సంస్థవారు పరిశీలించిన 50 గ్రామములలో 27 గ్రామముల యందు ఈ జబ్బు కనబడినది. జబ్బుపడిన యిండ్లనుండి తెచ్చిన జొన్నలలో ఫ్యూమొనిసిన్ బి1 అను విషము కిలోకు 0.14 నుండి 7.8 మిల్లీగ్రాముల వరకు, మొక్కజొన్నలో 0.25 నుండి 64.7 మిల్లీగ్రాముల వరకు ఉండగా, జబ్బులేని యిండ్ల జొన్నలో 0.36 మిల్లీగ్రామును మించలేదు. అంతటితో తృప్తిపడక, ఆ గింజను ఒక్కరోజు వయసున్న కోడిపుంజు పిల్లలకు మేపి, వానికి సైతము విరేచనములగుట చూచిరి. సుశ్రుతుని చకోరము స్థానమున కోడిపిల్ల సాక్ష్యమిచ్చెను. ఫ్యూమొనిసిన్ దక్షిణాఫ్రికాలో గుర్తింపబడి అప్పటికి ఏడేండ్లే యైనది. మానవులలో అది ఆహారవిషమై విజృంభించెనని చూపిన తొలి వృత్తాంతములలో ఈ దక్కను వృత్తాంత మొకటియగుట, విజ్ఞానమునకు మేలైనను, ఆ పేదలకు గర్వకారణము కాజాలదు. యంత్రము కొలుచుటకు ముందే జబ్బు వారి ప్రేగులలో కొలత వేసినది.

పప్పుధాన్యముల సంగతి వేరు. కందిపప్పులోను సెనగపిండిలోను కలుపబడుచుండెడి కేసరిపప్పు కాళ్లను పక్షవాతమునకు గురిచేయునని 19వ శతాబ్దపు ఆంగ్లాధికారి స్లీమన్ వ్రాతలలో కలదు. దానియందలి నాడీవిషమును 1964లో బెంగుళూరున ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ వేరుపరచి స్వరూపము నిర్ణయించిరి. అదే యేడాది ఢిల్లీలో మూర్తి, శేషాద్రి, వెంకిటసుబ్రమణ్యన్‌లు సైతము దానిని గుర్తించిరి. ఇట్లు స్వరూపము తెలిసిన విషమును కొలుచుటకు ఎస్.ఎల్.ఎన్. రావు 1978లో ప్రకటించిన వర్ణపరీక్ష నేటికిని ప్రామాణికము: పప్పుసారమును క్షారముతో మరిగించి, ఆర్థోథాలాల్డిహైడ్ కలిపినచో పసుపురంగు పుట్టును, ఆ రంగు గాఢతను కాంతిమాపకము చెప్పును.

రెండవ సంస్థ ఇక్రిశాట్. 1972లో పటాన్‌చెరువున, అనగా మనూరున్న జిల్లాలోనే, నెలకొన్న ఈ అంతర్జాతీయ కేంద్రము, ఖరీదైన యంత్రములు లేనివారికి సైతము అందుబాటగునట్లు ప్రతిరక్షకములతో పనిచేయు ఎలైసా పరీక్షను 1990ల చివర సిద్ధము చేసినది. డి.వి.ఆర్. రెడ్డి, ఎస్.వి. రెడ్డి, తిరుమలాదేవి, వలియార్ మొదలగు వారు ఇందు పాల్గొనిరి. పిండిచేసిన వేరుసెనగను మిథనాలుతో చిలికి వడపోసి, ఆ సారమును 96 గుంటలు గల పలకలో పోయుదురు; సారములోని విషము, గుంట అడుగున ముందే అంటియున్న విషము, రెండును కొద్దిపాటి ప్రతిరక్షకము కొరకు పోటీపడును. కడపట వేసిన ద్రావణము పసుపురంగు దాల్చును. రంగు ఎంత పలుచనైనచో నమూనాలో విషము అంత అధికము. ఈ పద్ధతితోనే ఆంధ్రప్రదేశ్ మార్కెట్ యార్డుల, పొలముల 182 మిరప నమూనాలను పరీక్షింపగా, తక్కువరకపు కాయలో ఒకదానియందు కిలోకు 969 మైక్రోగ్రాముల అఫ్లటాక్సిన్ బి1 కనబడినది. నాటి పరిమితి 30. శీతలగిడ్డంగులలో నుంచిన కాయ మేలుగా నుండెను.

ఇచ్చట ఒక మెలకువ చెప్పక తప్పదు. బస్తా వేరుసెనగలో విషము సమముగా వ్యాపించియుండదు. పురుగు తొలిచిన, ముడుతపడిన కొలదిగింజలలోనే అది కుప్పపడియుండును. ఒక్కచోట పిడికెడు తీసిన నమూనా విషరహితమని తేలి, బస్తా విషపూరితమై యుండవచ్చును. బస్తాల పైన, నడుమ, అడుగున పలుచోట్ల తీసి, అన్నియు కలిపి విసరి, ఆ పిండినుండి కొంత తీయవలెను. యంత్రము ఎంత సూక్ష్మమైనను, నమూనా తీసిన చేతి పొరపాటును అది దిద్దలేదు.

పురుగుమందుల చరిత్ర క్లుప్తముగా చెప్పదగినది. 1958లో కేరళమున ఓడలో గోధుమపిండిపై పారాథియాన్ ఒలికి నూరుమందికి పైగా మరణించుట 1968 నాటి కీటకనాశినుల చట్టమునకు దారితీసినది. ఆర్గానోక్లోరిన్ మందులను పట్టుటకు వాయువర్ణలేఖనము, 1957లో లవ్‌లాక్ కనిపెట్టిన ఎలక్ట్రాన్ గ్రాహకము సాధనములైనవి. 2003 నుండి పలు అవశేషములను ఒక్క తడవయే వెలికితీయు సులభపద్ధతి కూడ వ్యాపించినది. పరిశ్రమల విషయమునకు వచ్చినచో, పటాన్‌చెరు, బొల్లారము పరిశ్రమల వ్యర్థజలము నక్కవాగున కలసి మంజీరకు చేరుటవలన ఆ దిగువ పొలములకు పాషాణాది లోహముల బెడద కలిగినది. ఈ విషయమై న్యాయస్థానములలో సుదీర్ఘవివాదములు నడచినవి.

2006 నాటి ఆహారభద్రత ప్రమాణముల చట్టము, 2011 ఆగస్టు 5న అమలులోనికి వచ్చి, పూర్వపు కల్తీచట్టమును తొలగించినది. దాని ప్రమాణముల ప్రకారము పాలలో అఫ్లటాక్సిన్ ఎం1 కిలోకు 0.5 మైక్రోగ్రాము మించరాదు. 2018లో దేశవ్యాప్తముగా తీసిన 6,432 పాలనమూనాలలో ప్రమాదకరమైన కల్తీ దొరికినవి 12 మాత్రమే, వానిలో 9 తెలంగాణవి. అఫ్లటాక్సిన్ ఎం1 పరిమితి మించినవి 368. దీనికి మూలము పశువు తిను మేతలో, ముఖ్యముగా బూజుపట్టిన పల్లిచెక్కలో, పత్తిచెక్కలో కలదు. పత్తి పండించి పాడిని పోషించు నారాయణఖేడ్ సీమకు ఇది ప్రత్యేకముగా వర్తించు సంగతి. కోతవేళ వాన పడిన సంవత్సరమున వ్యవసాయ మార్కెట్ యార్డులోనే జొన్నను, పల్లిచెక్కను, పత్తిచెక్కను నమూనా తీసి పరీక్షించు ఏర్పాటు జిల్లా అధికారులు చేయవలెను; చెడిన గింజకు బదులు మంచిగింజ ఇచ్చు బాధ్యతను చౌకధరల దుకాణములకు అప్పగింపవలెను.