కృష్ణాపురం పాదిరి, బత్తలపల్లి ఫాదర్

2006 సెప్టెంబర్ 12న జర్మనీలోని రెగెన్స్‌బర్గ్ యూనివర్సిటీలో పోప్ 16వ బెనెడిక్ట్ ఒక తఖ్రీర్ ఇచ్చాడు. మౌజు ఈమాన్, అక్ల్. అంటే విశ్వాసం, వివేచన. మధ్యలో ఒక బైజాంటైన్ బాద్షా ఇస్లాం మీద అన్న మాటను ఉటంకించాడు. దాంతో దునియా అంతా గొడవ. ఆ గొడవలో అసలు వాదన ఎవరికీ వినపడలేదు. అక్ల్‌కు వ్యతిరేకంగా నడవడమంటే ఖుదా స్వభావానికే వ్యతిరేకంగా నడవడం అన్నది ఆయన దావా. మీ ఖుదా అక్ల్‌కు కట్టుబడడు, మా ఖుదా కట్టుబడతాడు అన్న ఇషారా అందులో ఉంది. మరుసటి ఏడాది 138 మంది ఉలమా ఒక ఖత్ రాసి చాలా షరాఫత్‌తో జవాబిచ్చారు.

ఆ బహస్‌ను ఇక్కడ మళ్ళీ నడపడం నా ఉద్దేశం కాదు. ఇబ్నె రుష్ద్ రాసిన వ్యాఖ్యానాలు లాటిన్‌లోకి తర్జుమా అయ్యాకే థామస్ అక్వినాస్ లాంటి కాథలిక్ ఉస్తాదులు అరిస్టాటిల్‌ను అంత లోతుగా చదివారు. అక్వినాస్ తన కితాబుల్లో చాలాచోట్ల ఇబ్నె రుష్ద్‌ను 'వ్యాఖ్యాత' అంటాడంతే. ఇక వేరే షారెహ్ లేనట్టు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే అక్ల్ ఏ ఒక్క మజ్హబ్ జాగీరూ కాదని తెలుస్తుంది.

నా సవాలు వేరే. అక్ల్ మాది అని చెప్పుకునే ఖౌమ్ ఆ అక్ల్‌తో మన ఊళ్ళో ఏం చేసింది? దీనికి రోమ్‌కో జర్మనీకో పోనక్కర్లేదు. అనంతపురం చాలు.

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఈ మెట్ట సీమ ఎవరిదో ఎవరికీ సరిగ్గా తెలీదు. కడప నవాబులు ఒక వైపు, సిరా సుబేదార్లు ఒక వైపు, మధ్యలో పాళెగాళ్ళు, అప్పుడప్పుడూ మరాఠా దండు. ఇంత ఫసాద్ మధ్యలోకి పాండిచ్చేరి నుంచి ఫ్రెంచి జెస్విట్ పాదిరీలు నడిచి వచ్చారు. పుంగనూరు దాటి, కృష్ణాపురం, మద్దిగుబ్బ, ఆలమూరు దాకా. కాషాయం కట్టారు, మాంసం మానేశారు, రోమాపురి సన్యాసులమని చెప్పుకున్నారు. ఇది వాళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదు. నూరేళ్ళ ముందు మదురైలో రాబర్ట్ డి నోబిలి వేసిన దారి. జంధ్యం, పిలక, గంధం ఇవన్నీ దునియాదారీ రివాజులే కానీ మజ్హబ్ కాదు, కాబట్టి ఉంచుకోవచ్చు అని డి నోబిలి దలీల్ ఇచ్చాడు. 1623లో పోప్ దాన్ని ఒప్పుకున్నాడు. చాలా తెలివైన దలీల్. ఎంత తెలివైనదో, ఎంత ఖతర్నాకో ముందు చూద్దాం.

ఆ దారిలో వచ్చిన వాడే గాస్టన్ లారాఁ కేర్దూ. 1691లో ఫ్రాన్స్‌లోని బూర్జ్‌లో పుట్టాడు, 1732లో మన ముల్క్‌కు చేరాడు, కృష్ణాపురం మిషన్‌లో పనిచేశాడు. తెలుగు నేర్చాడు, సంస్కృతం నేర్చాడు, తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం కలిపి ఒక లుగత్ తయారు చేశాడు. అది అచ్చు కాలేదు, రాతప్రతిగానే ఉండిపోయింది. బ్రౌన్ దొర నిఘంటువు రావడానికి ఇంకా నూరేళ్ళ దాకా ఉంది.

పాదిరి లుగత్ ఎందుకు రాస్తాడు? ఎదుటివాడి మజ్హబ్‌తో మునాజిరా చేయడానికి. ఇది దాచుకునే సంగతి కాదు. లేకిన్ ఇల్మ్‌కు ఒక అజీబ్ లక్షణం ఉంది, మనం ఏ నియ్యత్‌తో దాని తలుపు తట్టినా అది తన దారిన తాను పోతుంది. పారిస్‌లోని అకాడెమీ పండితుడు బార్తెలెమీ పాదిరీలకు కొన్ని సవాళ్ళు పంపాడు. 1767లో కేర్దూ పాండిచ్చేరి నుంచి జవాబు రాస్తూ ఎదురు సవాలు వేశాడు: సంస్కృతంలో ఇన్ని మాటలు లాటిన్, గ్రీకు మాటల్లా ఎందుకున్నాయి? దానం, దోనుమ్. అగ్ని, ఇగ్నిస్. విధవ, విదువా. ఉత్త మాటలే అయితే సౌదాగర్లు మోసుకొచ్చారు అనొచ్చు. ఆయన అక్కడ ఆగలేదు. ద్వివచనం చూశాడు. 'ఉన్నాను' అనే క్రియ మూడు భాషల్లో ఎలా నడుస్తుందో పక్కపక్కన పెట్టాడు. వ్యాపారంలో మాటలు అప్పు తెచ్చుకుంటారు గానీ, వ్యాకరణం ఎవడూ అప్పు తేడు. అంటే ఈ భాషలకు మూలం ఒకటే.

మూలం ఎక్కడ? ఇక్కడ ఆయన కితాబు వైపు తిరిగాడు. హజ్రత్ నూహ్ కొడుకు యాఫిస్ సంతతి, బాబిల్ బురుజు దగ్గర భాషలు విడిపోవడం. మనకిది నవ్వు తెప్పించొచ్చు. నాకు మాత్రం ఇందులోనే ఆ మనిషి ఈమాందారీ కనిపిస్తుంది. ఈమాన్ ఆయనకు ఒక చట్రం ఇచ్చింది, అందరూ ఒకే తండ్రి బిడ్డలు అని. అక్ల్ ఆ చట్రంలో సాక్ష్యాలు వెతికింది. సాక్ష్యాలు నిలబడ్డాయి, యాఫిస్ వివరణ నిలబడలేదు.

అకాడెమీ ఆ ఖత్‌ను నలభై ఏళ్ళు తొక్కిపెట్టి 1808లో అచ్చు వేసింది. ఈలోపు 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అదే మాట చెప్పి పేరు కొట్టేశాడు. కేర్దూ నసీబే అంత. హిందువుల ఆచారాల మీద ఆయన రాసిన పెద్ద రాతప్రతిని అబ్బే దుబోయా అనే ఇంకో ఫ్రెంచి పాదిరి తన కితాబులో కలిపేసుకుని ఈస్టిండియా కంపెనీకి అమ్మాడు. ఈ చోరీ 1980లలో సిల్వియా మూర్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు కాగితాలు పోల్చి చూసేదాకా తేలలేదు.

ఇంకో ఖత్ ఉంది, 1742 నాటిది. నాకైతే భాషల ఖత్ కంటే ఇదే ఎక్కువ ఇష్టం. కలంకారీ బట్ట ఎలా తయారవుతుందో అందులో అంచెలంచెలుగా రాశాడు. బట్టను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టడం, రంగు చిమ్మకుండా పాలు ఆపడం, పటిక పూయడం, చిరివేరుతో ఉడికించి ఎరుపు తేల్చడం. ఇదంతా ఎవరు చెప్పారు? మతం మారిన కారీగర్లు. పాదిరి అడిగితే కాదనలేని వాళ్ళు. అప్పటికి ఫ్రాన్స్‌లో మన అద్దకం బట్టల మీద నిషేధం ఉంది, 1686 నుంచి 1759 దాకా. అంత డిమాండ్ ఉన్న హునర్ గుట్టు, తరాల మెహనత్, ఒక ఖత్‌లో మడిచి సముద్రం దాటింది. పేర్లు లేని ఆ రంగ్‌రేజ్‌లకు ఒక్క దమ్మిడీ ముట్టలేదు. కొత్త జమానా మన దగ్గరికి ఇలా కూడా వచ్చింది, ఇల్మ్ వేషంలో.

ఎజూర్ వేదం కిస్సా కూడా చెప్పాలి. వేదం పేరుతో, వేదానికి వ్యతిరేకంగా, ఒక్క దేవుడే ఉన్నాడని వాదించే ఒక ఫ్రెంచి గ్రంథం. జెస్విట్‌లే తయారు చేశారు. తెలుగు సీమలో పనిచేసిన కాల్మెత్ పాదిరి మీద కొందరి అనుమానం, ఎవరు రాశారన్న తకరారు నేటికీ తెగలేదు. 1760లో అది వోల్టేర్ చేతికి చిక్కింది. చర్చికి పరమ దుష్మన్ ఆయన. చూశారా, బైబిల్ కంటే ముందే, పాదిరీలు లేకుండానే హిందుస్తాన్ మనుషులు ఒక్క దేవుణ్ణి తెలుసుకున్నారు అని దాన్నే చర్చి నెత్తిన కొట్టాడు. పాదిరి చెక్కిన కర్ర పాదిరి వీపు మీదే విరిగింది.

ఇప్పుడు డి నోబిలి దలీల్ దగ్గరికి వద్దాం. జంధ్యం రివాజు, గంధం రివాజు. సరే. మరి అంటరానితనం? అదీ రివాజేనట. ఈ మెట్ట సీమలో బాప్తిస్మం తీసుకున్న పెద్ద కుటుంబాలు రెడ్లవి. వాళ్ళను పోగొట్టుకోకూడదంటే పాదిరి మాల మాదిగ ఇళ్ళలో అడుగు పెట్టకూడదు. పాండిచ్చేరి వచ్చిన పోప్ ప్రతినిధి తూర్నోఁ 1704లో ఒక హుకుంనామా ఇచ్చాడు. అందులో ఒక షరతు: పరియా మరీజ్ చావుబతుకుల్లో ఉంటే పాదిరి వాళ్ళ ఇంటికి వెళ్ళి తీరాలి. జెస్విట్‌లు దీని మీద నలభై ఏళ్ళు అప్పీళ్ళు నడిపారు. 1744లో 14వ బెనెడిక్ట్ ఆఖరి ఫైసలా చేసినప్పుడు కూడా ఒక సుల్హా కుదిరింది: అంటరానివారికి వేరే పాదిరీలు, పెద్ద కులాలకు వేరే పాదిరీలు.

విధవ, విదువా అనే రెండు మాటల మధ్య ఏడు సముద్రాల అవతలి చుట్టరికాన్ని వినగలిగిన మిషన్ అది. పక్క వాడలో ప్రాణం పోతున్నవాడి గడప దాటడానికి మాత్రం దానికి దలీల్ కావాల్సి వచ్చింది. అక్ల్ తక్కువై ఇలా జరగలేదు. అక్ల్ ఎక్కువై జరిగింది. మజ్హబ్ వేరు, రివాజ్ వేరు అని చక్కగా విడదీయగలిగారు కాబట్టే జుల్మ్‌ను రివాజ్ ఖాతాలో రాసి నిద్రపోగలిగారు.

ఇది చదివి ముసిముసిగా నవ్వే మనవాళ్ళకు ఒక మాట. మన ఫిఖహ్ కితాబుల్లో 'కుఫూ' అనే బాబ్ ఉంది. నికాహ్‌కు జోడీ కుదరాలంటే నసబ్ చూడాలి, పేషా చూడాలి. నేతగాడు ఫలానా వాడికి సమానం కాడు. దూదేకుల ఇంటి పిల్లను సయ్యద్ ఇంటికి ఎందుకు తీసుకోరని అడగండి, ఇస్లాంలో కులం లేదంటారు, ఇది కేవలం ఖాందానీ రివాజ్ అంటారు. డి నోబిలి కూడా కరెక్టుగా ఇదే అన్నాడు.

ఆ తర్వాతి కథ తొందరగా ముగిసింది. కరువులు, మరాఠా యుద్ధాల దెబ్బకు కాథలిక్ రెడ్లు చాలామంది గుంటూరు వైపు హిజ్రత్ చేశారు. 1773లో పోపే జెస్విట్ సభను రద్దు చేశాడు. 1779లో కేర్దూ పాండిచ్చేరిలో కన్నుమూశాడు, అప్పటికి తన సభే లేదు.

మళ్ళీ ఈ మెట్ట మీదికి గుర్తుండిపోయే జెస్విట్ రావడానికి 1969 దాకా ఆగాలి. విసెంటె ఫెర్రర్, బార్సిలోనా మనిషి. పదహారేళ్ళకే ఒక మార్క్సిస్టు పార్టీలో చేరాడు, స్పెయిన్ అంతర్యుద్ధంలో ఎబ్రో దగ్గర పోరాడాడు, ఓడిపోయాక ఖైదు శిబిరాలు చూశాడు. 1944లో జెస్విట్ అయ్యాడు, 1952లో హిందుస్తాన్ వచ్చాడు. మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర రైతులకు బావులు తవ్వుకోవడానికి సాయం చేశాడు, సూద్ లేకుండా. మనం ఖర్జె హసనా అని ఖుత్బాల్లో వింటూ ఉంటామే, అది. పెద్ద భూస్వాములకు, రాజకీయ నాయకులకు ఇది మింగుడుపడలేదు. 1968లో దేశం వదలమన్నారు. వేలమంది రైతులు బొంబాయికి నడిచారు. ఇందిరాగాంధీ కలగజేసుకోవడంతో తిరిగి రాగలిగాడు గానీ, మహారాష్ట్రకు కాదు. అలా అనంతపురం వచ్చాడు.

సరిగ్గా అప్పుడే కాథలిక్ దునియాలో ఆలోచన మారుతోంది. 1962 నుంచి 1965 దాకా రెండో వాటికన్ మహాసభ జరిగింది. కొత్త జమానాతో తగువు మాని మాట్లాడదాం అన్నారు. 1967లో 6వ పాల్, గరీబ్ ముల్కుల తరక్కీ కూడా చర్చి జిమ్మేదారీయే అని రాశాడు. కాగితం మీద అంతా బాగుంది. ఫెర్రర్‌కు కాగితాలు పెద్దగా పట్టలేదు. 1970లో సభ వదిలేశాడు, ఆన్ పెర్రీ అనే ఇంగ్లీషు పాత్రికేయురాలిని పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆర్‌డీటీని నిలబెట్టారు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. నైరుతి కొండల అవతలే అయిపోతుంది, ఈశాన్యం ఇంత దూరం రాదు. ఇక్కడ ఆయన ముందు వెళ్ళింది ఎస్సీ వాడలకు, అంటే 1704 హుకుంనామా వెళ్ళమన్న గడపలకే. బడి, నీళ్ళు, చెరువు కట్టలు, ఇళ్ళు, బత్తలపల్లిలో దవాఖానా. ఇంటి పట్టా ఆడమనిషి పేరు మీద. బాప్తిస్మం ఊసే లేదు.

ఫరిష్తా అని రాయను. స్పెయిన్ నుంచి వచ్చే డబ్బు మీద నడిచే పని, ఆ డబ్బు ఆగితే ఏమిటన్న సవాలు ఎప్పుడూ ఉండేదే. ఇల్లు పక్కాది అయింది, వాడ మాత్రం చాలా ఊళ్ళలో ఊరి బయటే ఉంది. కట్టినవాడికి అది తెలుసు, ఉన్నవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. ఒక్క మనిషి పని మూడొందల ఏళ్ళ హిసాబ్‌ను చుక్తా చేయదు.

1998లో రెండో జాన్‌పాల్ ఈమాన్, అక్ల్ మీద ఒక పెద్ద ఫర్మానా రాశాడు. పక్షికి రెండు రెక్కల్లాంటివట ఆ రెండూ. ఫెర్రర్ అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళుగా అనంతపురంలో ఉన్నాడు. 2009 జూన్ 19న ఇక్కడే ఇంతెఖాల్ అయ్యాడు. బత్తలపల్లిలో దఫన్ చేశారు. 1970 తర్వాత ఆయన జెస్విట్ కాదు. అయినా జిల్లాలో హిందువులూ, మనవాళ్ళూ, అందరూ ఈరోజుకీ ఫాదర్ అనే అంటారు.