పాలు పడని పసివాళ్లు

తల్లిపాలు చాలని బిడ్డకు దాది పాలో, మేక పాలో, ఆవు పాలో పట్టడం లోకంలో ఎప్పటినుంచో ఉన్నదే. 19వ శతాబ్దం రెండో సగంలో యూరప్‌లో అది పరిశ్రమగా మారింది. స్విట్జర్లాండ్‌లో హెన్రీ నెస్లే 1867లో పాలు, గోధుమపిండి కలిపిన పొడిని అమ్మకానికి పెట్టాడు. సీసా పాలతో పెరిగే పిల్లలు ఎక్కువయ్యారు, విరేచనాలతో రాలిపోయేవాళ్లూ ఎక్కువయ్యారు. మురికి నీళ్లు, విరిగిన పాలు కారణమని వైద్యులు చెప్పింది నిజమే. అయితే శుభ్రంగా కాచి పట్టినా వాంతులు, దద్దుర్లతో అల్లాడిపోయే పిల్లలు కొందరు మిగిలారు. 1905 ప్రాంతంలో ష్లోస్‌మన్, ఫింకెల్‌స్టైన్ అనే జర్మన్ వైద్యులు ఇలాంటి శిశువుల గురించి రాశారు. మరుసటి ఏడు వియన్నాలో ఫాన్ పిర్కే అనే వైద్యుడు ‘అలర్జీ’ అనే మాటను పుట్టించాడు.

ఆవుపాలు పడకపోతే ఇంకేం పట్టాలి? మనవైపు చాలా ఇళ్లలో గేదె పాలో మేక పాలో అంటారు. వాటిలోని ప్రోటీన్లు ఆవుపాల ప్రోటీన్లకు చాలా దగ్గరివి. ఆవుపాలు పడని బిడ్డకు చాలావరకు అవీ పడవు. గాడిద పాల సంగతి వేరు. 1880లలో పారిస్‌లోని ఒక అనాథ శిశువుల ఆసుపత్రిలో గాడిదల శాల ఏర్పాటు చేసి, సిఫిలిస్ సోకిన శిశువులను నేరుగా పొదుగుకే పట్టించారు. హైదరాబాద్ వీధుల్లో గాడిదను వెంట తిప్పుతూ అక్కడికక్కడే పితికి అమ్మేవాళ్లను చూస్తే నాకు ఆ శాలే గుర్తొస్తుంది. ఆవుపాలు పడని పిల్లల్లో ఎక్కువమంది గాడిద పాలను తట్టుకున్నారని ఇటలీ పరిశోధనలు తేల్చాయి. ఆ పాలలో కొవ్వు మరీ తక్కువ కనుక వాటితోనే బిడ్డ పెరగదు. పచ్చిపాలతో సూక్ష్మజీవుల ముప్పు ఎలాగూ ఉంది.

అమెరికాలో 1929లో హిల్, స్టువర్ట్ అనే వైద్యులు సోయా పాలను ప్రయత్నించారు. 1942లో పాల ప్రోటీన్‌ను ముందే ముక్కలు చేసిన న్యూట్రామిజెన్ వచ్చింది. ఇంతకీ ఏ బిడ్డకు ఇవి అవసరమో తేల్చేదెలా? ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది 1963లో గోల్డ్‌మన్ అనే వైద్యుడు పెట్టిన నియమం. పాలు ఆపితే లక్షణాలు తగ్గాలి. మళ్లీ ఇస్తే 48 గంటల్లోపు తిరిగి రావాలి. ఇలా మూడుసార్లు చేసి చూసినా అదే తీరున జరగాలి. మూడుసార్లు పరీక్షించడం పిల్లలకు కష్టమని తర్వాతివాళ్లు దాన్ని సడలించారు గానీ, ఆపి చూడడం, తిరిగి ఇచ్చి చూడడం అన్న మూలసూత్రం నిలిచింది.

ఆ దశాబ్దంలోనే ఐజీఈ అనే ప్రతిరక్షకం బయటపడింది. నిమిషాల్లో దద్దుర్లు, వాపు తెచ్చే అలర్జీని గుర్తించడానికి రక్తపరీక్ష దారి దొరికింది. గంటలు, రోజులు గడిచాక మలంలో జిగురు, నెత్తురు కనిపించే రకం మాత్రం ఆ పరీక్షకు దొరకదు. లాక్టోజ్ పడకపోవడం పూర్తిగా వేరు, అది పాలలోని చక్కెర అరగకపోవడం. ఈ రెంటినీ కలిపేసి లాక్టోజ్ లేని పాలు కొనే తల్లిదండ్రులు ఎందరో. ప్రోటీన్ అందులోనూ ఉంటుంది.

తర్వాత దృష్టి తల్లి మీదికి మళ్లింది. ఆవుపాలు, పెరుగు తల్లి మానేశాక, ఆమె పాలు తాగే పిల్లల్లో కొందరికి కడుపునొప్పి ఏడుపు తగ్గిందని 1978లో స్వీడన్ నుంచి యాకబ్‌సన్, లిండ్‌బర్గ్ అనే వైద్యులు రాశారు. తల్లి తిన్న ఆవుపాల ప్రోటీన్ ఆమె పాలలోకి కొద్దిగా చేరడం నిజమే. డెన్మార్క్‌లో హోస్ట్ అనే వైద్యుడి బృందం 1988లో చెప్పింది మాత్రం ఇంకా లోతుగా ఆలోచింపజేస్తుంది. తల్లిపాలే తాగుతూ పాల అలర్జీ వచ్చిన శిశువులు వాళ్లకు తొమ్మిదిమంది కనిపించారు. పుట్టిన మొదటి మూడు రోజుల్లో, ప్రసూతి వార్డులోనే, ఆ తొమ్మిదిమందికీ డబ్బా పాలు పట్టి ఉన్నారు.

ఇటీవలి కాలంలో తూకం ఇంకోవైపు ఒరిగింది. ఇంగ్లండ్‌లో పాల అలర్జీ పిల్లలకిచ్చే ప్రత్యేక డబ్బా పాలకు రాసిన చీటీలు 2006లో 1,05,029. పదేళ్లకు ఏటా 6 లక్షలు దాటాయి. అలర్జీ అంతగా పెరిగిన దాఖలా లేదని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వాన్ టులకెన్ అనే వైద్యుడు రాశాడు. పసిబిడ్డ ఏడ్చినా, పాలు కక్కినా, నిద్రపోకపోయినా పాల మీదికే తోసేయడం నాకు బాధ కలిగిస్తుంది. మన బాలింతలకు పథ్యాలు ముందే ఎక్కువ. వాటికి పాలు, పెరుగు, నెయ్యి మానడం కూడా తోడైతే ఆమెకు కాల్షియం, బలం ఎక్కడినుంచి వస్తాయి? రెండు మూడు వారాలు ఆపి, తిరిగి తిని చూడమని చెప్పకుండా నెలల తరబడి మానిపించడం ఆమెకు చేసే అన్యాయం.

నిజంగా అలర్జీ ఉన్న పిల్లలకూ కబురు మంచిదే. డెన్మార్క్‌లో 1,749 మంది శిశువులను పరిశీలిస్తే 2.2 శాతానికి పాల అలర్జీ తేలింది. వాళ్లలో ఏడాది నిండేసరికి 56 శాతం, మూడో ఏటికి 87 శాతం పాలు తట్టుకున్నారు. 2008లో న్యూయార్క్ వైద్యులు పాలు కలిపి ఓవెన్‌లో కాల్చిన పదార్థాలను పెట్టి చూస్తే, పాల అలర్జీ ఉన్న పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మందికి ఏమీ కాలేదు. తీవ్రంగా కాలితే కొన్ని పాల ప్రోటీన్ల ఆకృతి చెదిరిపోతుంది. అందుకే ఇప్పుడు బిస్కెట్‌తో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పాలదాకా తీసుకొస్తున్నారు. మొదటిసారి పాలు తాగగానే ఒళ్లు వాచిన బిడ్డకు, ఊపిరి అందని బిడ్డకు మాత్రం ఆ మొదటి మెట్టు ఆసుపత్రిలో డాక్టర్ ఎదుటే ఎక్కించాలి.