తుపాను నష్టాన్ని చూసే రాడార్ ఉపగ్రహం: కొలత సరిచూసేది ఇలా

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలాయి. వరి కూడా దెబ్బతింది. అలాంటి రోజుల్లో మామూలు ఉపగ్రహ కెమెరాకు మబ్బులు అడ్డం వస్తాయి. రాడార్ ఉపగ్రహం తానే రేడియో తరంగాలు పంపి, తిరిగి వచ్చినవాటిని కొలుస్తుంది. అందుకే అది మబ్బుల్లోనూ, రాత్రిపూట కూడా చూడగలదు.

పొలం ఎలా కనిపిస్తుంది?

కదలని నీరు తరంగాలను పక్కకు మళ్లిస్తుంది కాబట్టి చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. నీటిపైకి దుబ్బులు తేలి ఉన్న వరి ఒక్కోసారి ఇంకా తెల్లగా కనిపిస్తుంది. చెట్లు కూలిన తోటలో తరంగాలు తిరిగి వచ్చే తీరు మారుతుంది. తుపానుకు ముందు, తర్వాత తీసిన చిత్రాలను పోల్చి నష్టం ఎక్కడెక్కడ ఉందో గుర్తిస్తారు.

కొలత సరిచూడటం ఎందుకు?

జీడిపిక్కలు తూచే కాటా సరిగా ఉందో లేదో తెలియాలంటే, బరువు తెలిసిన రాయి వేసి చూస్తాం. రాడార్‌కూ అలాంటి ‘రాయి’ కావాలి. మూడు లోహపు పలకలను గది మూలలా కలిపి నేలపై నిలబెడతారు. దీన్ని కార్నర్ రిఫ్లెక్టర్ అంటారు. ఇది తరంగాన్ని వచ్చిన వైపే తిప్పి పంపుతుంది. దాని కొలతలను బట్టి చిత్రంలో ఎంత మెరవాలో ముందే లెక్క కడతారు. ఆ లెక్కకూ చిత్రానికీ తేడా వస్తే సరిదిద్దుతారు. లేకపోతే పరికరంలో వచ్చిన మార్పును పంటలో వచ్చిన మార్పుగా పొరబడే ప్రమాదం ఉంది.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో, నాసాల ‘నిసార్’ ఉపగ్రహాన్ని అహ్మదాబాద్ పరిసరాల్లో పెట్టిన కార్నర్ రిఫ్లెక్టర్లతోనూ, అమెజాన్ అడవుల చిత్రాలతోనూ సరిచూశారు. అదే ఏడాది ఆగస్టు 19న దాని ఎస్-బ్యాండ్ రాడార్ తీసిన తొలి చిత్రం మన గోదావరి డెల్టాదే.

ఉపగ్రహం చెప్పలేనివి

నిసార్ 12 రోజులకోసారి అదే దారిలో తిరిగి వస్తుంది. ఈలోగా మీ మడిలో నీరు తీసిపోవచ్చు. మీ తోటలో ఎన్ని చెట్లు పడ్డాయో, అది ఎవరి పేరున ఉందో కూడా ఉపగ్రహం చెప్పదు. ఆ లెక్క నేలమీద జరగాల్సిందే.

మీరు చేయాల్సినవి

• ప్రతి సీజనులో ఈ-క్రాప్ నమోదు చేయించండి. సర్వే నంబరు, పంట, విస్తీర్ణం సరిగా ఉన్నాయో చూసుకోండి.
• జీడి, కొబ్బరి, పనస కలిసిన తోటలో ఏ చెట్లు ఎన్ని ఉన్నాయో ముందే రాసి ఉంచుకోండి.
• తుపాను వెలిసిన వెంటనే తేదీ, స్థలం నమోదయ్యేలా ఫోటోలు తీయండి. నీరు ఎన్ని రోజులు నిలిచిందో రాసుకోండి.
• పడిన చెట్లను ఫోటో తీసి, లెక్క రాసుకున్నాకే నరికి తొలగించండి. నష్టాన్ని ఆలస్యం చేయకుండా రైతు సేవా కేంద్రంలో తెలియజేయండి.
• నష్టం లెక్కకు సిబ్బంది వచ్చినప్పుడు పొలం దగ్గర ఉండండి.
• ఎక్కడైనా మూడు పలకల లోహపు మూల కనిపిస్తే కదపవద్దు. దాని ముందు గడ్డివామి వేయవద్దు, పశువులను కట్టవద్దు.