ఇంటి పన్ను చరిత్ర: దత్త మండలాల నుంచి గ్రామ పంచాయతీ దాకా

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు, గత రెండు శతాబ్దాల్లో మన ప్రాంతపు కుటుంబాలు పన్ను భారాన్ని ఏయే మార్గాల్లో తగ్గించుకోగలిగాయో వివరించగలుగుతారు. ఆ మార్గాల్లో ఏవి నిలిచాయో, ఏవి నిలవలేదో, ఎందుకో చెప్పగలుగుతారు. ఈనాటి ఇంటి పన్ను నోటీసును ఆ నేపథ్యంలో చదవగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

తాడిమర్రి నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక మండల కేంద్రం. అక్కడి ఇళ్ళకు గ్రామ పంచాయతీ పన్ను వేస్తుంది. దగ్గరలోని ధర్మవరం, హిందూపురం పట్టణాల్లో పురపాలక సంఘాలు, పెనుకొండలో నగర పంచాయతీ ఆ పని చేస్తాయి. ఏటా డిమాండు నోటీసు రాగానే చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంత ఎందుకు వచ్చింది? తగ్గించుకునే దారి లేదా?"

ఈ ప్రశ్న కొత్తది కాదు. మన పూర్వికులు దీనికి మూడు రకాల సమాధానాలు వెతికారు. మొదటిది, కొలతను, లెక్కను ప్రశ్నించడం. రెండవది, అర్జీల ద్వారా ప్రభుత్వం చేత పన్ను నియమాన్నే మార్పించడం. మూడవది, సమష్టిగా పన్ను నిరాకరించడం. వీటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

2. మన్రో సర్వే: కొలతకు జవాబు చెప్పే హక్కు

మైసూరు యుద్ధాల ఫలితంగా తనకు దక్కిన ప్రాంతాలను నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఇవే దత్త మండలాలు. నేటి తాడిమర్రి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాలు వీటిలోవే. వీటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు పనిచేశాడు.

అప్పటి గ్రామీణ కుటుంబానికి అతిపెద్ద పన్ను భూమిశిస్తు. అది ఇంటి పన్ను కాకపోయినా, ఆస్తిని కొలిచి, వర్గీకరించి, లెక్క కట్టి పన్ను వేసే పద్ధతి ఈ ప్రాంతంలో విస్తృతంగా అమలైంది దానితోనే. అందుకే మన చర్చ అక్కడ మొదలవుతుంది.

మన్రో పొలాలన్నిటినీ కొలిపించాడు. నేల స్వభావాన్ని బట్టి తరగతులు నిర్ణయించి శిస్తు కట్టించాడు. ఇక్కడ మీరు గమనించవలసిన అంశం ఒకటుంది. రైతువారీ బందోబస్తులో రైతులను, కరణాలను పిలిపించి, ఎవరి శిస్తు ఎంతో తెలియజేసేవారు. ఎక్కువైందని రైతు చెబితే విచారించేవారు. అవసరమైతే పక్క గ్రామాల పెద్దలను, కరణాలను అడిగి సరిచేసేవారు. అంటే, లెక్క బయటపెట్టడం, అభ్యంతరం వినడం అనే రెండు పనులు పన్ను విధానంలో భాగమయ్యాయి.

అయితే ఒక్కొక్క రైతుకు జరిగే సవరణతో మొత్తం భారం తగ్గలేదు. శిస్తు రేట్లే ఎక్కువని మన్రో స్వయంగా గ్రహించాడు. మొత్తం భూములపై 25 శాతం, బావుల కింద సాగయ్యే తోట భూములపై 33 శాతం తగ్గించాలని 1807లో సిఫారసు చేశాడు. ప్రభుత్వం వెంటనే అంగీకరించలేదు. పైగా రైతువారీ పద్ధతిని పక్కనపెట్టి గ్రామాలను కౌలుకు ఇచ్చే విధానం తెచ్చింది. అది విఫలమైంది. మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చిన 1820లో రైతువారీ పద్ధతిని తిరిగి అమలుచేస్తూ, ఆ తగ్గింపును కూడా దత్త మండలాలకు వర్తింపజేశారు. ఒక న్యాయమైన సిఫారసు రైతు ఇంటికి చేరడానికి పదమూడేళ్ళు పట్టిందన్న మాట.

3. మొహతర్ఫా: ఇల్లు, మగ్గం, అంగడి

భూమి లేని కుటుంబాలు కూడా పన్ను నుంచి తప్పించుకోలేదు. ఇళ్ళు, మగ్గాలు, అంగళ్ళు, చేతివృత్తులపై మొహతర్ఫా అనే పన్ను ఉండేది. వర్తకులపై వీసబడి అనే పన్ను కూడా కొన్ని జిల్లాల్లో వసూలయ్యేది. రేట్లు జిల్లాకొక తీరుగా ఉండేవి. శిస్తుకు పొలం కొలత ఆధారం. మొహతర్ఫాకు అలాంటి ఒకే కొలమానం లేదు. కాబట్టి "నాకెందుకు ఇంత?" అని అడిగితే చూపించడానికి లెక్క దొరికేది కాదు.

ఇక్కడ రెండవ మార్గం కనిపిస్తుంది. 1852లో గాజుల లక్ష్మీనరసు చెట్టి మద్రాసులో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. అదే ఏడాది ఆ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన వినతిపత్రంలో మొహతర్ఫా ప్రస్తావన ఉంది. చేతివృత్తులవారి చవక పనిముట్లపై కూడా పన్ను పడుతోందని, కొన్నిసార్లు పన్ను ఆ పనిముట్టు ఖరీదుకు ఎన్నో రెట్లు ఉంటోందని సంఘం ఫిర్యాదు చేసింది. 1860లో ఆదాయపు పన్ను వచ్చిన తర్వాత మొహతర్ఫా రద్దయింది. ఒక్కొక్క నేతగాడు తన మగ్గంపై పన్ను తగ్గించమని అడిగి సాధించలేనిది, నియమమే పోయినప్పుడు అందరికీ దక్కింది.

4. చీరాల-పేరాల: ఊరు విడిచిన కుటుంబాలు

మొహతర్ఫా పోయినా ఇంటిపై పన్ను మరో రూపంలో తిరిగివచ్చింది. 1871 తర్వాత వచ్చిన చట్టాలు దీపాలు, పారిశుధ్యం, బడులు వంటి స్థానిక అవసరాల కోసం పన్నులు వేసే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చాయి. 1884 స్థానిక బోర్డుల చట్టం కింద యూనియన్లుగా ఏర్పడిన పెద్ద గ్రామాలు ఇంటి పన్ను వసూలు చేసేవి. యూనియన్ పురపాలక సంఘంగా మారితే పన్నులు బాగా పెరిగేవి. సేవలు కూడా అంతే పెరుగుతాయన్న హామీ మాత్రం లేదు.

ఈ సమస్య తీవ్రరూపం దాల్చింది మన జిల్లాలో కాదు, కోస్తాలోని చీరాలలో. అక్కడ కూడా నేతపనివారే ఎక్కువ. 1919లో ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘం చేసింది. పెరిగిన పన్నులు మోయలేమని ప్రజలు చేసుకున్న విజ్ఞప్తులు ఫలించలేదు. పన్ను కట్టనందుకు కొందరు జైలుకు వెళ్ళారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. ఆ తర్వాత దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు పురపాలక సంఘం హద్దు దాటి వెళ్ళిపోయారు. హద్దులో ఇల్లు లేకపోతే ఇంటి పన్ను లేదు కదా! సుమారు 15 వేల జనాభాలో అత్యధికులు రామనగర్ అనే పాకల ఊరిలో ఎండకూ వానకూ ఓర్చి దాదాపు 11 నెలలు గడిపారు.

గోపాలకృష్ణయ్య అరెస్టయి జైలుకు వెళ్ళాడు. డబ్బు చాలక, కష్టాలు పెరిగి, ప్రజలు చివరికి ఇళ్ళకు తిరిగి రాక తప్పలేదు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ఈ ఘట్టానికి గొప్ప స్థానముంది. అయితే పన్ను తగ్గించుకునే మార్గంగా చూస్తే, దీనికి కుటుంబాలు చెల్లించిన మూల్యం పన్ను కంటే చాలా ఎక్కువ. అర్జీ వినే చోటు లేనప్పుడు ప్రజలు ఎంతదూరం వెళ్ళవలసి వచ్చిందో ఇది చెబుతుంది.

5. నేటి నియమాలు

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994 ప్రకారం గ్రామాల్లో ఇంటి పన్నుకు వార్షిక అద్దె విలువనో, మూలధన విలువనో ఆధారంగా తీసుకోవచ్చు. పట్టణాల్లో చాలాకాలం వార్షిక అద్దె విలువే ఆధారం. పాత పురపాలక చట్టంలో, యజమాని తానే నివసించే ఇంటికి ఆ విలువలో 40 శాతం తగ్గింపు ఉండేది. ఉదాహరణకు, నెలకు రూ.1,000 అద్దె వచ్చే ఇంటి వార్షిక విలువ రూ.12,000. అందులో యజమానే ఉంటే రూ.7,200 మీద మాత్రమే పన్ను లెక్కించాలి. అదే ఇల్లు రికార్డులో అద్దె ఇల్లుగా నమోదై ఉంటే ఇంత తగ్గింపు దక్కేది కాదు.

2020 సవరణతో, 2021-22 నుంచి పట్టణాల్లో మూలధన విలువ ఆధారమైంది. నివాస భవనాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు పన్ను వేయవచ్చు. పాత పన్నుపై పెంపు 15 శాతం మించరాదని పరిమితి పెట్టారు. 375 చదరపు అడుగుల లోపు నివాస గృహాలకు ఏడాదికి రూ.50గా నిర్ణయించారు. ఏడాది పన్ను మొత్తాన్ని ఏప్రిల్ నెలాఖరులోగా చెల్లించేవారికి 5 శాతం రాయితీ ఇచ్చే పద్ధతి కూడా ఉంది.

ఈ నియమాలను చరిత్ర వెలుగులో చూడండి. విస్తీర్ణం, కట్టడం రకం, వినియోగం అనే మూడు వివరాలపై మీ పన్ను చాలావరకు ఆధారపడి ఉంది. నోటీసు రాగానే ఇంటిని టేపుతో కొలిచి, అందులోని విస్తీర్ణంతో పోల్చండి. రేకుల ఇల్లు మిద్దెగా, నివాసం దుకాణంగా నమోదైందేమో చూడండి. తేడా ఉంటే గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి. కచేరీలో కరణం ముందు రైతు చేసిన పనే ఇది. తేడా ఏమిటంటే, అతనికి అది అధికారి దయపై ఆధారపడిన అవకాశం, మీకు చట్టం ఇచ్చిన హక్కు.

అయితే పన్ను తగ్గించుకోవడం వేరు, ఎగ్గొట్టడం వేరు. గదిని దాచిపెట్టి లెక్క తగ్గించుకుంటే, వీధిదీపానికి, మురుగు కాలువకు రావలసిన సొమ్ము తగ్గుతుంది. ఆ లోటు సక్రమంగా కట్టే పొరుగువారి మీద పడుతుంది.

6. సారాంశం

మన్రో కాలంలో రైతుకు లెక్కను ప్రశ్నించే అవకాశం దొరికింది, కానీ అసలు భారం తగ్గింది రేటు మారిన 1820లోనే. మొహతర్ఫా పోయింది నియమం రద్దయినందువల్ల. చీరాల-పేరాల ప్రజలు అపారమైన త్యాగం చేసినా వారికి వెంటనే ఊరట దక్కలేదు. నిలిచిన తగ్గింపులన్నీ నియమంగా రాతలోకి ఎక్కినవే. ఆ రాతను చదివి, తన ఇంటికి సరిగ్గా వర్తింపజేయించుకోవడం నేటి కుటుంబం చేతిలో ఉన్న పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దత్త మండలాల్లో శిస్తు తగ్గింపునకు మన్రో చేసిన సిఫారసు ఏమిటి? అది ఎప్పుడు అమలైంది?
2. మొహతర్ఫాపై వచ్చిన ప్రధాన ఫిర్యాదులను వివరించండి.
3. చీరాల-పేరాల ప్రజలు ఊరు విడిచి వెళ్ళడానికి కారణాలను, దాని ఫలితాలను చర్చించండి.
4. మీ ఇంటి పన్ను నోటీసును తీసుకొని, అందులోని విస్తీర్ణం, కట్టడం రకం, వినియోగం వాస్తవంతో సరిపోతున్నాయో లేదో పరిశీలించి ఒక పేజీ నివేదిక రాయండి.