కారు పేరు, ఇంజను వంశము

పాత మోటారుకారును చూచినపుడు మనము మొట్టమొదట దాని ముఖమునందలి పేరును చదువుదుము. ఆ పేరే లోపలి ఇంజనుకును చెల్లునని తలంతుము. తాతగారు కట్టించిన యింట దూలము మనుమల కాలమున మార్చబడి యుండవచ్చును. ఇంటిపేరు మాత్రము తాతగారిదే. పాత కార్ల సంగతియు నట్టిదే. కారుకు ఒక చరిత్ర, అందలి ఇంజనుకు వేరొక చరిత్ర యుండును. ఇంజను చరిత్రను నిర్ణయించిన పిమ్మటనే దానికి దగిన మరమ్మతు గ్రంథమును వెదకవలయునని మనవి చేయుటయే నేటి నా ప్రసంగోద్దేశము. ఇందుకు దృష్టాంతముగా ఇంగ్లండునందలి ఎం.జి. కార్లను గైకొనుచున్నాను.

ఆస్టిన్ సంస్థయు, మోరిస్ కార్లను నిర్మించు నఫీల్డ్ సంస్థయు చిరకాలము పోటీపడి, 1952లో ఏకమై బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అను పేరు దాల్చినవి. పెక్కు తెగల కార్లకు పెక్కు తెగల ఇంజనులను పోతపోయుట వ్యయకారణమని యెంచి, ఆ సంస్థవారు కొలది ఇంజను వంశములనే యేర్పరచుకొనిరి. అందు మధ్యమ పరిమాణము గలది ‘బి’ వంశము. ఒకే వంశపు ఇంజను మోరిస్ ఆక్స్‌ఫర్డులోను, ఆస్టిన్ కేంబ్రిడ్జిలోను, ఎం.జి. కార్లలోను జొచ్చినది. ఆబింగ్డన్ పట్టణమున 1955 మొదలు 1962 వరకు తయారైన ఎం.జి.ఎ. అను కారునందు మొదట 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనును, 1959లో 1588 ఘన సెంటీమీటర్లదానిని, 1961లో 1622 ఘన సెంటీమీటర్లదానిని అమర్చిరి. దాని తరువాత వచ్చిన ఎం.జి.బి. కారునకు 1798 ఘన సెంటీమీటర్ల ఇంజను లభించినది. ఈ రెండవ కారు 1980 వరకు తయారైనది.

ఇవి యన్నియు అన్నదమ్ముల వంటివి. పైకి చూచిన పోలికలు మెండు. కావున ఎం.జి.ఎ. కారు ఇంజను అరిగిపోయినపుడు, బలము హెచ్చుగా నుండు ఎం.జి.బి. ఇంజనును దెచ్చి అందమర్చుట పరిపాటియైనది. కారు చేతులు మారును; అమర్చిన మేస్త్రీ కాలగతి నొందును; క్రొత్త యజమానికి మిగులునది పైనున్న పేరు మాత్రమే. అతడు మూత నెత్తి చూచినపుడు ఎదుటనున్న దేమియో యెట్లు నిర్ణయింపవలయును?

మొదటి సాక్ష్యము సంఖ్య. సిలిండరు దిమ్మెకు కుడిప్రక్కను చిన్న రేకుపై ఇంజను సంఖ్య యుండును. అందు మొదటి రెండంకెలు పరిమాణమును దెలుపును: 15 అనిన 1489, 16 అనిన 1588 గాని 1622 గాని, 18 అనిన 1798. పిదప వచ్చు జి అను నక్షరము ఎం.జి. కారునకు గుర్తు. దాని తరువాతి యక్షరమును విడువరాదు. 18 జి, 18 జి.ఎ. అనునవి క్రాంకుషాఫ్టును మూడు ప్రధాన బేరింగులపై నిలిపిన ఇంజనులు. 1964 చివర వచ్చిన 18 జి.బి. మొదలుకొని ఆ బేరింగులు ఐదు. పరిమాణ మొకటియే యైనను క్రాంకుషాఫ్టు మారినది, ఫ్లైవీలు మారినది. ఒక్క యక్షరమునందు ఇంత భేదము గలదు.

అయితే ఆ రేకు ఊడిపోయి యుండవచ్చును, లేక మరియొక సంఖ్య యుండవచ్చును. ఆ సంస్థవారే అరిగిన ఇంజనును దీసికొని, బాగుచేసిన దానిని మారుగా నిచ్చు పద్ధతి నడపిరి. వానికి గోల్డ్ సీల్ అని పేరు. బంగారు వన్నె పూసెడివారు. వాని సంఖ్య 48 జి అని ప్రారంభమగును. ఈ 48 పరిమాణమును దెలుపదు; అది విడిభాగముల పట్టికకు సంబంధించిన గుర్తు. దీనిని మొదటి పద్ధతిని చదువబోయిన వాడు దారి తప్పును.

రెండవ సాక్ష్యము పోత. 1798 దిమ్మెలపై 1800 అను నంకెలు ఉబ్బెత్తుగా పోతపోయబడి యుండును. మూడవది కొలత. ఇచ్చట నొక విశేషము గలదు. పైజెప్పిన నాలుగు ఇంజనులందును పిస్టను మీదినుండి క్రిందికి నడచు దూరము 88.9 మిల్లీమీటర్లే. కావున ఆ దూరమును గొలిచి ప్రయోజనము లేదు. సిలిండరు లోపలి వ్యాసమే భేదము: 1489కి 73.025, 1588కి 75.41, 1622కి 76.2, 1798కి 80.26 మిల్లీమీటర్లు. సాన పట్టిన సిలిండరు కొంచెము విరివియగును గనుక, కొలతను తక్కిన సాక్ష్యములతో సరిచూచుకొనవలయును. సర్వే నంబరును, చెక్కుబందీని, అనుభవమును మూటిని సరిచూచి గదా మనము పొలము హద్దు నిర్ణయింతుము!

ఇంత విచారణ యేల యని యందురేమో. ఎం.జి.ఎ. గ్రంథమును ముందుంచుకొని ఐదు బేరింగుల ఇంజనును విప్పినవాడు మూటికి సరిపడు సామగ్రిని దెప్పించును. వచ్చిన పిస్టనులు పట్టవు. ధనమును కాలమును వ్యర్థము. పట్టినట్లు కనబడినది పట్టక, దారిలో ఇంజను విరిగిన నష్టము మరింత.

ఇక గ్రంథముల మాట. ఆ సంస్థవారి పుస్తకములు మూడు తెరగులు: నడపువానికి చిన్న పుస్తకము, మేస్త్రీకి మరమ్మతు గ్రంథము, వర్తకునికి విడిభాగముల పట్టిక. ప్రతిదానికి నొక సంఖ్య గలదు. ఎం.జి.ఎ. మరమ్మతు గ్రంథము ఎ.కె.డి. 600, ఎం.జి.బి. గ్రంథము ఎ.కె.డి. 3259. పాత పుస్తకముల వర్తకుని కారు పేరుతో గాక ఈ సంఖ్యతో నడుగుట మేలు. ఇంజను ఎం.జి.బి.ది, శరీరము ఎం.జి.ఎ.ది యైనచో రెండు గ్రంథములును గావలయును: బ్రేకులకు ఒకటి, ఇంజనుకు వేరొకటి. జాన్ హేన్స్ అను నాతడు 1966లో నొక కారును స్వయముగా విప్పి కూర్చి, ఛాయాచిత్రములతో మరమ్మతు గ్రంథమును ప్రకటించెను. ఆ వరుస గ్రంథములు సామాన్యులకు మిక్కిలి యుపకరించినవి. కర్మాగారమునుండి వెడలునాడు కారునందున్న ఇంజను సంఖ్యను దెలిసికొనవలెనన్నచో, గేడన్ గ్రామమునందలి బ్రిటిష్ మోటార్ మ్యూజియమువారు పాత ఖాతాలను జూచి ధ్రువపత్ర మిత్తురు. ఆ సంఖ్యయు రేకుపై సంఖ్యయు భిన్నమైనచో ఇంజను మారినదని తేలిపోవును.

ఇది పరదేశపు ముచ్చట యని త్రోసివేయరాదు. మన బాటలపై తిరిగిన అంబాసడరు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణికి ప్రతిరూపము. వంగదేశమున ఉత్తరపాడలో 2014 వరకు తయారైనది. అందు మొదట 1476 ఘన సెంటీమీటర్ల పాత తరహా ఇంజను, పిదప ఈ ‘బి’ వంశపు 1489 ఇంజను, తరువాత డీజిలు ఇంజను, అటుపిమ్మట జపానుదేశపు ఇసుజు వారి 1817 ఇంజను చేరినవి. పేరు ఒక్కటే, లోపలి వస్తువులు నాలుగు విధములు. అంబాసడరునకు గావలెనని విడిభాగము నడిగిన నేమి లభించును?

మన దేశమున వాహనపు పట్టాపుస్తకమునందు ఇంజను సంఖ్య వ్రాయబడును. ఇంజను మార్చినపుడు అధికారులకు దెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. దీనిని నిర్బంధ మని గాక, మన మేలునకైన చరిత్రలేఖన మని భావింపవలయును. గ్రామమున పెద్దలైన మీరు, కారు గాని ట్రాక్టరు గాని నూతి యంత్రము గాని, ఇంజను మార్చిన దినమున క్రొత్త సంఖ్యను, తేదిని, ఎచ్చటినుండి వచ్చినదో ఆ వివరమును పుస్తకము అట్టలోపల వ్రాయించి, ఆ పుస్తకమును భద్రపరచుడు. ఆ రెండు పంక్తులు రేపటి మేస్త్రీకి దీపమగునని విన్నవించుచు సెలవు గైకొనుచున్నాను.