హెచ్-1బి వీసాయందలి ద్వైధము: 1990 అమెరికా వలసచట్టముపై ఒక పరిశీలన

అమెరికా సంయుక్త రాష్ట్రములు విదేశీయ వృత్తినిపుణుల కొసంగు హెచ్-1బి వీసాను గూర్చి మన పత్రికలలో చర్చ చెలరేగినప్పుడెల్ల, అది లాటరీ చుట్టును, రుసుముల చుట్టును, ఆ దేశపు ఎన్నికల వాగ్వాదముల చుట్టును పరిభ్రమించుచున్నదే కాని, ఆ వీసాను కల్పించిన శాసనముయొక్క అంతర్నిర్మాణమును స్పృశించుట అరుదు. తెలుగునాట రెండు తరముల మధ్యతరగతి కుటుంబముల చదువులను, పెండ్లిండ్లను, అప్పులను ఇంతగా ప్రభావితము చేసిన ఈ వ్యవస్థలో మూలమగు చిక్కు ప్రవేశమునందు లేదనియు, 1990లో ఒకే శాసనము గావించిన రెండు పరస్పరవిరుద్ధ నిర్ణయములలో నున్నదనియు, పది సంవత్సరముల పిదప సదుద్దేశముతో జరిగిన సవరణ ఆ విరోధమును పరిహరింపక దానికి దీర్ఘాయువునే ప్రసాదించెననియు నిరూపించుట ఈ వ్యాసమున కుద్దిష్టము.

పూర్వరంగమును సంగ్రహముగా పరికింతము. 1917 నాటి వలసచట్టము ఆసియాఖండమున అధికభాగమును నిషిద్ధమండలముగా నిర్ణయించెను. 1923లో భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వమున కనర్హులని తీర్పు చెప్పెను. భీమవరమున జన్మించి, ఆ దశకపు తొలినాళ్లలో హార్వర్డుకు చేరి, సైరస్ ఫిస్కేతో కూడి జీవరసాయనశాస్త్రమున చిరస్థాయియగు కృషి సల్పి, 1940 నుండి లెడర్లే ప్రయోగశాలలలో ఔషధపరిశోధనకు సారథ్యము వహించిన యల్లాప్రగడ సుబ్బారావు, 1946 చట్టము భారతీయులకు పౌరసత్వార్హతను, సాలీనా 100 మందికి మాత్రము వలస వచ్చు వీలును కలిగించినను, 1948లో కన్నుమూయునప్పటికి ఆ దేశపౌరుడు కాలేదు. 1952 చట్టము విశిష్ట ప్రతిభాసామర్థ్యములు గల విదేశీయులకు హెచ్-1 అను తరగతిని కల్పించెను గాని, స్వదేశమందలి నివాసమును విడనాడు తలంపు తమకు లేదని వారు రుజువు చేయవలసియుండెను. 1965 చట్టము జాతిమూలమునుబట్టి నిర్ణయించిన కోటాలను రద్దుచేసి, తూర్పుగోళమందలి ప్రతి దేశమునకును 20,000 వీసాల పరిమితిని విధించెను. నాటి తెలుగు డాక్టర్లలోను ఇంజనీర్లలోను పెక్కుమంది ఈ మార్గముననే శాశ్వతనివాసులైరి.

1990 నవంబరులో అధ్యక్షుడు జార్జి హెచ్. డబ్ల్యు. బుష్ సంతకము చేసిన వలసచట్టము తాత్కాలికోద్యోగము, శాశ్వతనివాసము అను ఈ రెండు ధారలను మార్చివేసినది. ఒకవంక అది హెచ్-1బి తరగతిని నిర్మించి, కనీసము పట్టభద్రత యవసరమగు ప్రత్యేకవృత్తులకు దానిని పరిమితము చేసి, సంవత్సరమునకు 65,000 అను పరిమితిని పెట్టి, యజమాని చెల్లించు వేతనము ఆ ప్రాంతమందలి ప్రచలిత వేతనమునకు తగ్గరాదను నియమమును జోడించెను. అంతకంటె ముఖ్యముగా, ఈ వీసాతో వచ్చినవాడు స్వదేశమునకు మరలిపోవుదునని రుజువు చేయనక్కరలేదనియు, తాత్కాలికోద్యోగమున నుండియే శాశ్వతనివాసమును కోరవచ్చుననియు అంగీకరించెను. మరొకవంక, ఉద్యోగమూలకమగు గ్రీన్‌కార్డుల సంఖ్యను సాలీనా 1,40,000గా నిర్ణయించి, ఏ యొక్క దేశమున జన్మించినవారికిని వానిలో సాధారణముగా నూటికి 7కు మించి లభింపరాదని కట్టడి చేసెను. హెచ్-1బికి దేశపరిమితి లేదు, గ్రీన్‌కార్డునకు గలదు. వచ్చునప్పుడు జన్మదేశ మడుగని చట్టము నిలిచిపోవుదునన్నప్పుడు దానినే ముందుగా అడుగుచున్నది.

ఈ వైషమ్యము ఎంతటిదో సామాన్యగణితమే తెలుపగలదు. 1,40,000లో నూటికి 7 అనగా 9,800. ఇందులో దరఖాస్తుదారుడే గాక అతని భార్యయు బిడ్డలును లెక్కకు వత్తురు. తెలుగువారిలో పెక్కుమంది దరఖాస్తు పెట్టుకొను రెండవ ప్రాధాన్యశ్రేణి వాటా సుమారు 40,000 కాగా, అందలి దేశపరిమితి 2,800 చిల్లర మాత్రమే. ఇటు చూచిన, 2004 శాసనముచే అమెరికాలో మాస్టర్స్ పట్టము పొందినవారికి చేర్చబడిన 20,000తో కలిపి, హెచ్-1బి వార్షిక పరిమితి 85,000. వారిలో సగముమాత్రమే భారతీయులని అత్యల్పముగా గణించినను ఏటా 42,500 మంది క్రొత్తగా చేరుచుందురు. యథార్థమున, కొనసాగింపులతో కూడ ఆమోదము పొందిన దరఖాస్తులలో భారతీయుల భాగము ఇటీవల నూటికి 70ని మించినది. ఇతర దేశములవారు వాడుకొనక మిగిల్చినవి భారతీయులకు సంక్రమించు నియమము గలదు గనుకనే కొన్ని సంవత్సరములలో వారికి పరిమితిని మించి లభించినది. అయినను వెడల్పైన కాలువనుండి వచ్చు ప్రవాహము ఇరుకైన తూమువద్ద నిలిచిపోయినట్లు, 2005 నుండి భారతీయుల నిరీక్షణ పెరుగుచు దశాబ్దములకు చేరినది.

ఈ పరిణామము ఊహింపరానిదేమియు కాదు. 2000వ సంవత్సరపు కంప్యూటర్ సంకటమును, ఇంటర్నెట్ వ్యాపారముల వెల్లువయు కంపెనీలను తొందరపెట్టగా, 1998 శాసనము వార్షిక పరిమితిని 1,15,000కును, 2000 అక్టోబరునాటి శాసనము దానిని మూడేండ్లకు 1,95,000కును పెంచినవి. విశ్వవిద్యాలయములు పరిమితినుండి మినహాయింపు పొందినవి. హైదరాబాదున 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమగుటయు, అమీర్‌పేట కోచింగు కేంద్రములు నిండిపోవుటయు ఇదే కాలమున జరిగినవి. ఇట్లు ప్రవేశమును మూడింతలు చేసిన శాసనసభ శాశ్వతనివాసపు సంఖ్యను పెంచలేదు; వాడబడక మిగిలిన పూర్వపు వీసాలను తిరిగి లెక్కకు తెచ్చుటతో సరిపెట్టుకొనెను. హెచ్-1బికి ఆరు సంవత్సరములే గరిష్ఠావధి కావున, అవధి ముగిసినవారందరు మరలిపోవలసి వచ్చునని గుర్తించి, దేశపరిమితివలన గ్రీన్‌కార్డు అందని వారికి వీసాను మూడేసి సంవత్సరములు పొడిగింపవచ్చునని 2000 శాసనమున ఒక నిబంధనను చేర్చెను. ఆ నిబంధనకు శాసనకర్తలు పెట్టిన శీర్షిక దానిని ఒక్కపర్యాయపు రక్షణగా పేర్కొనుచున్నది. కాని అదే నేడు లక్షలాది జనుల జీవనాధారమై, ఎన్నిమారులైనను పునరావృతమగుచున్నది. ఆ సవరణ లేకున్నచో విరోధము కొలది సంవత్సరములలోనే బహిర్గతమై, కంపెనీలే పరిష్కారమునకై పట్టుబట్టియుండెడివి. నిరీక్షణ సహ్యమగుటచేత, దానిని తొలగింపవలసిన అగత్యము ఎవరికిని తోపలేదు.

నిరీక్షణభారము సర్వులపైని సమముగా పడదు. గ్రీన్‌కార్డు దరఖాస్తును పెట్టువాడు సాధారణముగా యజమాని, ఉద్యోగి కాడు. 2000 శాసనము హెచ్-1బిని ఒక కంపెనీనుండి మరొకదానికి మార్చుకొను స్వేచ్ఛ నిచ్చినను, క్రొత్త యజమాని ఆ దరఖాస్తును మరల మొదటినుండి నడుపవలసియుండుటచేత, ఐ-140 అను ఆ దరఖాస్తుకు ఆమోదము పొందినవాడు వరుసలో తన స్థానమును నిర్ణయించు ప్రయారిటీ డేటును నిలుపుకొనియు, ఉన్నచోటనుండి కదలుటకు వెనుకాడును. ఉద్యోగము పోయినచో 2017 నుండి అమలులోనున్న నిబంధనచే 60 దినముల గడువు మాత్రమే లభించును. పని లేనప్పుడు ఉద్యోగిని జీతము లేక బెంచిపై నిలుపరాదని 1998 శాసనము నిషేధించినను, ఆంధ్రదేశమునుండి కన్సల్టెన్సీల ద్వారా ఎగుమతియైన సాఫ్ట్‌వేర్ శ్రమను అధ్యయనము చేసిన మానవశాస్త్రజ్ఞుడు షియాంగ్ బియావో, 2007లో ప్రకటించిన తన గ్రంథమున, ఈ మధ్యవర్తుల వ్యవస్థ విపణియందలి ఒడుదుడుకులను కంపెనీల భుజములనుండి ఉద్యోగులపైకి త్రోయుచున్నదనియు, దాని మూలములు ఇక్కడి కట్నములలోను కుటుంబధనములోను ఉన్నవనియు విశదపరచెను. అమెరికాపై ఆశ పెట్టుకొన్న వరుని వెల పెరుగుటయు, ఆ వెల మరల శిక్షణకును ప్రయాణమునకును వ్యయమగుటయు మన సంఘమున కెరుకపడిన విషయములే.

కుటుంబమున స్త్రీయు శిశువును ఈ భారమును మరింతగా మోయుదురు. ఆశ్రితుల కొసంగు హెచ్-4 వీసాపై వచ్చిన భార్యకు ఎంతటి చదువున్నను ఉద్యోగము నిషిద్ధమై యుండగా, 2015 మే నెలనుండి ప్రధానముగా భర్తకు ఐ-140 ఆమోదము లభించినవారికి అనుమతి యీయబడినది. పసితనమున తల్లిదండ్రులతో వచ్చి అక్కడి బడులలోనే పెరిగిన బిడ్డ 21 ఏండ్లు నిండినంతనే ఆశ్రిత హోదాను కోల్పోయి, తాను గుర్తెరుగని జన్మభూమికి చెందిన విదేశీయుడుగా మరొక వీసాను వెదుకుకొనవలసియున్నది. పైగా లెక్కకు వచ్చునది జన్మస్థలమే గాని పౌరసత్వము కాదు. గుంటూరున జన్మించి కెనడా పౌరుడైనవాడును, భార్య వేరొక దేశమున జన్మించియుండనిచో, భారతీయుల వరుసలోనే నిలువవలెను.

దేశపరిమితిని సమర్థించువారి వాదము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. దానిని తీసివేసినచో చాలకాలము భారతీయులే ఇంచుమించు సర్వమును పొంది, ఇతరదేశీయులు నేటి భారతీయులవలె నిరీక్షింపవలసివచ్చునని వారు చెప్పునది గణితరీత్యా సత్యము. 2019 జూలైలో ప్రతినిధుల సభ 365–65 ఓట్లతో ఆమోదించిన బిల్లు, తరువాత సెనేటు వేరొక రూపమున అంగీకరించినను, శాసనము కాకపోవుటకు ఈ భయమును ఒక కారణము. కాని 1965లో జాతివివక్షను తొలగించుటకై దేశములన్నింటిని సమానముగా చూచిన సూత్రము, 140 కోట్ల జనులున్న దేశమునకును కొన్ని లక్షలు మాత్రమే గల దేశమునకును ఒకే కొలతను వాడుటచేత, సమానార్హతగల ఇద్దరు వ్యక్తుల నడుమ పుట్టినచోటునుబట్టి అంతరమును కల్పించుచున్నదనుటయు సత్యమే. పై వాదమువలన సిద్ధించునది పరిమితి మంచిదని కాదు. మొత్తము సంఖ్యను మార్పక పరిమితిని మాత్రము తొలగించిన బాధ చేతులు మారునే గాని తొలగదని.

ఇటీవలి సంస్కరణములన్నియు ప్రవేశమునే పట్టుకొని యున్నవి. 2020లో ఎలక్ట్రానిక్ నమోదు వచ్చెను. ఒకే వ్యక్తికై పలు కంపెనీలు పేర్లు వేయుటచే 2024 ఆర్థికసంవత్సరమునకు నమోదులు 7,80,000ను మించగా, మరుసటి యేట వ్యక్తికొక అవకాశమను పద్ధతి ప్రవేశపెట్టబడి, సంఖ్య 4,80,000కు దిగినది. 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంప్ వెలువరించిన ప్రకటన క్రొత్త దరఖాస్తులపై 1,00,000 డాలర్ల చెల్లింపును విధించెను. వీనిలో నేదియు ఇదివరకే లోపలనుండి నిరీక్షించుచున్నవారి స్థితిని మార్చదు. 1967 నుండి కెనడా అనుసరించిన పాయింట్ల పద్ధతిలో ప్రభుత్వమే వ్యక్తి విద్యానుభవములను తూచి ముందుగానే శాశ్వతనివాసమునో నిరాకరణమునో తెలుపును. అందును దోషములు లేకపోలేదు గాని, ఆశపెట్టి నిలుపుట అనునది ఆ నిర్మాణమున స్వభావసిద్ధము కాదు.

కావున, ఏ దేశమైనను విదేశీయ నిపుణులను ఎందరిని పిలువవలెనో, ఎవరిని పిలువరాదో నిర్ణయించుకొను హక్కు ఆ దేశమునకే యున్నదని ఒప్పుకొనుచునే, పిలిచిన సంఖ్యయు నిలుపుకొను సంఖ్యయు వేర్వేరు తలంపులతో వేర్వేరు కాలములలో నిర్ణయింపబడరాదని చెప్పవలసియున్నది. అమెరికా శాసనసభ హెచ్-1బిని తగ్గింపదలచినను, పెంపదలచినను, ఆ సంఖ్య ప్రక్కనే దానికి సరిపడు గ్రీన్‌కార్డుల సంఖ్యను నిర్దేశించుటయో, లేక తాత్కాలికోద్యోగము తాత్కాలికమే యని తొలినాడే స్పష్టపరచుటయో చేయవలెను. ఈ రెంటిలో ఏది యైనను, బయలుదేరుటకు పూర్వమే ఒక యువకుడును అతని కుటుంబమును తమ లాభనష్టములను తెలిసి ఎంచుకొనుటకు వీలుండును. నేటి వ్యవస్థ వారికి నిరాకరించుచున్నది ఆ తెలివిడినే.